అడుక్కి నాలుగు కిలోలు సరే, అతుక్కి ఎన్ని?

లాలాగూడలో ఏ ఇంటి డాబా ఎక్కి చూసినా ఒకటే దృశ్యం. నీళ్ళ ట్యాంకు, బట్టల తీగ, ఆ మూలా ఈ మూలా ఆకాశం వైపు చూస్తున్న తుప్పుపట్టిన ఇనుప సలాకలు. "రేపు పిల్లలు పెద్దయితే పైన ఇంకో అంతస్తు వేసుకుంటారు" అని మా నాన్నల తరం వదిలిపెట్టిన ఆశలవి. కొందరు వాటి మీద పల్చటి కాంక్రీటు పోసి మూసేశారు, కొందరు ఖాళీ సీసాలు బోర్లించారు, చాలామంది వానకీ ఎండకీ వదిలేశారు. ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత మనం వచ్చి, ఒక మేస్త్రిని పిలిచి, "చదరపు అడుక్కి ఎంత?" అని అడుగుతాం. నా గొడవంతా ఆ ప్రశ్నతోనే. అది తప్పు ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, ఈ తిట్లలో మొదటి వాటా నాదే.

విషయం మొదట్నించీ చెప్తాను. మా ఇల్లు నూరు గజాల్లో, 1986లో కట్టింది. కింద రెండు గదులు, హాలు, వంటిల్లు. తొమ్మిది పిల్లర్లు. పోయినేడు దాని మీద ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాం. ఎనిమిది వందల చదరపు అడుగులు. మేస్త్రి వచ్చి, డాబా మీద అటూ ఇటూ నాలుగడుగులు వేసి, సిగరెట్టు పెట్టె వెనకాల లెక్క రాశాడు. అడుక్కి 0.4 బస్తా సిమెంటు, నాలుగు కిలోల ఇనుము. అంటే 320 బస్తాలు, 3,200 కిలోలు. మొత్తం పద్నాలుగు లక్షలు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం కదా, సిగరెట్టు పెట్టె అంటే చిన్నచూపు. రాత్రి కూర్చుని ఎక్సెల్ షీటు మొదలెట్టాను. ఇటుకలు, ఇసుక, కంకర అన్నీ విడివిడిగా వేశాను. కాంక్రీటు ఘనపరిమాణాన్ని 1.54తో హెచ్చించాలని (పొడి సరుకు తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి), 1:1.5:3 పాళ్ళలో ఘనపు మీటరుకి సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుందని, సలాక వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుందని, అన్నీ చదివి నలభై రెండు వరుసల షీటు తయారుచేశాను. రంగులు కూడా వేశాను. పొద్దున్నే నాన్నకి చూపించాను, మెచ్చుకుంటాడని.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చూశాడు. మళ్ళీ ఇంకోసారి చూశాడు. "అన్నీ రాసినవ్ గానీ, అతుకులేవిరా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతుకులేంటి?

ఇక్కడ మా నాన్న గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన లాలాగూడ రైల్వే క్యారేజి వర్క్‌షాపులో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేశాడు. 1893లో నిజాం రైల్వే వాళ్ళు పెట్టిన షాపు అది. మా పేటకి ఉన్న పేరూ, అన్నమూ దాని నుంచి వచ్చినవే. చేరిన కొత్తలో ఆయన పని రివెట్లు. ఎర్రగా కాల్చిన రివెట్టుని చిల్లులోకి దూర్చి, అటునుంచి ఒకడు అదిమిపడితే ఇటునుంచి తల కొట్టాలి. అది చల్లారుతూ కుంచించుకుపోయి రెండు రేకుల్నీ దగ్గరికి లాగి బిగిస్తుంది. కొట్టడం అయ్యాక పని అయిపోయినట్టు కాదు. చిన్న సుత్తితో ఒక్కో రివెట్టునీ తట్టి చూడాలి. గట్టిగా పట్టినది ఖంగుమంటుంది, వదులైనది బద్దగా పలుకుతుంది. బద్దగా పలికితే కోసేసి మళ్ళీ కొట్టాల్సిందే. "రేకు ఎన్నడూ మోసం చెయ్యదు, మోసం చేసేది జోడింపే" అనేవాడు నాన్న. చిన్నప్పుడు వినీ వినీ విసుగొచ్చిన మాట. 1943లో తెరిచిన హౌరా బ్రిడ్జిలో ఇరవై ఆరు వేల టన్నులకి పైగా ఉక్కు ఉందని అందరం చెప్పుకుంటాం. ఆ ఉక్కునంతా పట్టి ఉంచింది రివెట్లే అన్నది మాత్రం నాన్నలాంటివాళ్ళకే గుర్తుంటుంది.

సరే, అతుకుల సంగతి. కింది పిల్లరు నుంచి పైకి వచ్చిన సలాక పక్కన కొత్త సలాక నిలబెట్టి, రెంటినీ కొంతదూరం పక్కపక్కనే ఉంచి కాంక్రీటు పోస్తారు. దీన్నే ల్యాప్ అంటారు. రెంటినీ కలిపి బైండింగ్ వైరుతో కడతారు. నేను (మీలో చాలామంది కూడా అనుకుంటా) ఇన్నాళ్ళూ ఆ వైరే వాటిని కలిపి ఉంచుతుందనుకున్నాను. కాదండీ! వైరు పని కాంక్రీటు పోసేదాకా అవి కదలకుండా పట్టుకోవడం, అంతే. ఆ తర్వాత ఒక సలాకలోని బలం కాంక్రీటులోకి దిగి, కాంక్రీటు నుంచి రెండో సలాకలోకి ఎక్కాలి. సలాక మీద గరుకు గీతలు ఉండేది ఆ పట్టు కోసమే. ఆ బలం పూర్తిగా ఇటునుంచి అటు మారడానికి కొంత పొడవు కావాలి. పొడవు చాలకపోతే సలాక తెగదు, కాంక్రీటులోంచి జారుతుంది. దేవుడు దిగివచ్చి బైండింగ్ వైరు కట్టినా ఆగదు.

ఎంత పొడవు? ఇది ఎవరి అభిప్రాయమూ కాదు. మన దేశపు కాంక్రీటు కోడు ఐఎస్ 456 (2000 నాటిది)లో సూత్రం ఉంది. ఎం20 కాంక్రీటు, 500 గ్రేడు సలాక అయితే, లాగే బలానికి సలాక వ్యాసానికి సుమారు 57 రెట్లు. నొక్కే బలానికైతే 45 రెట్లు. 12 మిల్లీమీటర్ల సలాకకి 57 రెట్లంటే 684 మిల్లీమీటర్లు, ఇరవై ఏడు అంగుళాలు. పిల్లరు నొక్కుడే మోస్తుంది కదా అనొచ్చు. కానీ గాలి తోసినా నేల కదిలినా దానికి ఒక పక్క లాగుడు కూడా వస్తుంది.

మా మేస్త్రిని అడిగాను, ల్యాపు ఎంత ఇస్తావని. "ఫీటు ఇస్తం సార్. గిన్నేండ్ల సంది గంతే ఇస్తున్నం. ఏం గాదు."

ఇరవై ఏడు అంగుళాలు కావాల్సిన చోట పన్నెండు!

ఇప్పుడు నా షీటు తెరిచి లెక్క వేశాను. తొమ్మిది పిల్లర్లు, ఒక్కోదాంట్లో ఆరు సలాకలు. మొత్తం 54 అతుకులు. ఒక్కో అతుకులో మిగుల్తున్నది పదిహేను అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు. మొత్తం ఇరవై మీటర్ల చిల్లర. మీటరు 0.889 కిలోల చొప్పున పద్దెనిమిది కిలోలు. కిలో 60 రూపాయలు వేసుకోండి. పదకొండు వందల రూపాయలు!

పద్నాలుగు లక్షల ఇంటికి, మా అమ్మానాన్నల తల మీద నిలబడే అంతస్తుకి, పదకొండు వందలు మిగులు. ఆ డబ్బుతో గృహప్రవేశానికి స్వీట్లు కూడా రావు.

ఇంకోటి చూడండి. పిల్లరు చుట్టూ వేసే రింగులు. రింగు కొసని ఎల్ ఆకారంలో 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు మనవాళ్ళు. దాన్ని 135 డిగ్రీలు, అంటే లోపలికి గుచ్చుకునేలా వంచాలి. ఎందుకంటే పెద్ద కుదుపు వచ్చినప్పుడు ముందు ఊడిపోయేది పైనున్న కాంక్రీటు పొర. ఆ పొర పోగానే 90 డిగ్రీల కొక్కేనికి ఆధారం పోతుంది, రింగు విచ్చుకుంటుంది, నిలువు సలాకలు బయటికి ఉబుకుతాయి, పిల్లరు కూర్చుంటుంది. కొస లోపలికి ఉంటే రింగు విచ్చుకోదు. దీనికయ్యే అదనపు ఇనుము? రింగుకి రెండంగుళాలు అనుకుందాం. ఆరంగుళాలకొకటి చొప్పున పదడుగుల పిల్లరుకి 21 రింగులు, తొమ్మిది పిల్లర్లకి 189. మొత్తం తొమ్మిదిన్నర మీటర్ల 8 ఎంఎం సలాక. నాలుగు కిలోల లోపు. రెండు వందల ముప్ఫై రూపాయలు. మరి ఎందుకు చెయ్యరు? డబ్బు కోసం కాదు. 135 వంచడానికి చెయ్యి నొప్పి, పైగా అలాంటి రింగుని సలాకల మధ్య దూర్చడం కష్టం. టైము పడుతుంది. ఆ టైముకి అడుగు రేటులో పైసా లేదు.

అసలు విషయం ఇదీ. మేస్త్రిని తిట్టడం తేలిక. నేనూ మొదట అదే చేశాను. కానీ ఆలోచించండి. మనం ఆయనకి ఇచ్చేది అడుక్కి ఇంత అని. గోడ కనిపిస్తుంది, స్లాబు కనిపిస్తుంది, టైలు కనిపిస్తుంది. అడుగుల్లో కొలవగలిగినదానికే డబ్బు. అతుక్కి అడుగులు లేవు. అది కాంక్రీటులో మునిగిపోయేది. ఎక్కువ చేసినా ఆయనకి రూపాయి రాదు, తక్కువ చేసినా రూపాయి పోదు. అలాంటి పద్ధతి పెట్టి, ఆయన సొంత చేతి నుంచి మన భద్రతకి ఖర్చు పెట్టాలని ఎదురుచూడటం ఏ న్యాయం? టైలు రంగు ఎంచుకోడానికి మనం మూడు ఆదివారాలు తిరుగుతాం. రింగు కొస ఎటు వంచారో చూడటానికి ఒక్క పూట డాబా ఎక్కం.

కొలమానాల గోల వేరే ఉంది. మా సలాకలు వంచే కుర్రాడు మిల్లీమీటర్లలో మాట్లాడడు, సూతల్లో మాట్లాడతాడు. సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాలుగు సూతల సలాక అంటే నిజానికి 12.7 మిల్లీమీటర్లు ఉండాలి, కొట్లో ఇచ్చేది 12. తేడా ముప్పావు మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. బరువు వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ తేడా పన్నెండు శాతం! ఇంటి స్థలం గజాల్లో, గది అడుగుల్లో, గోడ అంగుళాల్లో, సలాక సూతల్లో, కోడు మిల్లీమీటర్లలో, కాంక్రీటు ఘనపు మీటర్లలో. 1999లో నాసా వాళ్ళు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ని పోగొట్టుకున్నది ఒక జట్టు పౌన్ల లెక్కలో ఇస్తే ఇంకో జట్టు న్యూటన్లనుకోవడం వల్లే. అది కూడా అతుకే చూడండి, రెండు జట్ల మధ్య అతుకు.

అతుకు దగ్గర ఎంత చిన్న మార్పు ఎంత పని చేస్తుందో తెలియాలంటే 1981 జులై 17న అమెరికాలో కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో జరిగింది చదవాలి. హాలు మీదుగా రెండో అంతస్తులో ఒకటి, సరిగ్గా దాని మీద నాలుగో అంతస్తులో ఒకటి, గాల్లో వేలాడే నడక వంతెనలు. మొదటి డిజైనులో పైకప్పు నుంచి దిగిన ఒకే పొడవాటి ఇనుప రాడ్డు రెండు వంతెనల్నీ మోస్తుంది. అంత పొడవు రాడ్డుకి మధ్యలో నట్టు బిగించాలంటే బోలెడు దూరం మర తీయాలి, ఇబ్బంది. అందుకని రెండు రాడ్లు చేశారు. పై వంతెన పైకప్పు నుంచి వేలాడుతుంది, కింది వంతెన పై వంతెన నుంచి వేలాడుతుంది. చూడ్డానికి అదే ఇనుము, అదే నట్లు. కానీ ఆలోచించండి: బస్సు ఫుట్‌బోర్డు మీద ఇద్దరు ఒకే కడ్డీని ఎవరి చేత్తో వాళ్ళు పట్టుకుని వేలాడటం వేరు, ఒకడు కడ్డీ పట్టుకుంటే రెండోవాడు వాడి నడుం పట్టుకుని వేలాడటం వేరు. కడ్డీ మీద బరువు ఒకటే. మొదటివాడి చేతి మీద బరువు రెట్టింపు! ఆ నట్టు దగ్గర అదే జరిగింది. 114 మంది చనిపోయారు. డ్రాయింగు మీద ముద్రయితే పడింది, ఆ ఒక్క అతుక్కి లెక్క మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి. ప్రాణాలు తిరిగి రాలేదు. హోటలు మొత్తం సరుకు జాబితా తీస్తే, ఆ మార్పు వల్ల తేడా కనిపించేది బహుశా ఓ గుప్పెడు నట్ల దగ్గర!

ఇదంతా మన ఆఫీసుల్లో రోజూ చూసేదే కదా. ఎస్టిమేటు అడిగితే ఈ మాడ్యూలుకి పది రోజులు, ఆ మాడ్యూలుకి పన్నెండు రోజులు అని రాస్తాం. రెంటినీ కలపడానికి? "అది అయిపోతుందిలే." చివరికి ఏ మాడ్యూలుకా మాడ్యూలు బంగారంలా పనిచేస్తుంది, కలిపిన రోజు రాత్రంతా జాగారం. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, విడిగా పనిచేసే ప్రోగ్రాముని ఒక వ్యవస్థలో ఇమిడే భాగంగా చెయ్యాలంటే మూడు రెట్ల శ్రమ అని. చదువుతాం, తలూపుతాం, మళ్ళీ ఎస్టిమేటులో సున్నా వేస్తాం. అంత అనుభవం ఉండి కూడా నా నలభై రెండు వరుసల్లో అతుకు అన్న వరుస లేదు. సిగరెట్టు పెట్టెకీ నా ఎక్సెల్‌కీ తేడా రంగులే :)

ఇక ఎదురు వాదనలు. మా బావ పొద్దున్నా సాయంత్రమూ వినిపించినవే.

"ఇన్ని ఇళ్ళు అడుగు ల్యాపుతోనే నిలబడ్డాయి కదా?" నిలబడ్డాయి. మామూలు రోజున పిల్లరు మీద పడే బరువుని కాంక్రీటే చాలావరకు మోసేస్తుంది. అతుక్కి పరీక్ష వచ్చేది ఆ ఒక్కరోజునే. నేల కదిలిన రోజున. పక్క స్థలంలో సెల్లారు తవ్విన రోజున. కిందింట్లో ఎవరో "ఈ గోడ అడ్డం" అని కొట్టేసిన రోజున. పరీక్ష రాయనివాడు ఫెయిలవ్వలేదు కాబట్టి పాసయినట్టేనా?

"హైదరాబాదుకి భూకంపాలు రావు." 2016 నాటి భూకంప కోడు ప్రకారం మనది రెండో జోను, అందులో అన్నింటికన్నా తక్కువ. నిజమే. కాకపోతే 1993 సెప్టెంబరు 30న లాతూరు దగ్గర కిల్లారి ఊళ్ళు నేలమట్టమయ్యేనాటికి, అది అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదం అనుకున్న ఒకటో జోనులో ఉంది. ఆ తర్వాతే పటం మార్చారు, ఒకటో జోను తీసేశారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలాయి. అక్కడ పక్కపక్కనే ఉన్న వాటిలో కొన్ని పడ్డాయి, కొన్ని నిలబడ్డాయి. నేల కుదుపు ఇద్దరికీ వచ్చింది, కట్టిన తీరు వేరు.

"కోడులో సేఫ్టీ ఫ్యాక్టరు ఉంటుందిగా, కొంచెం తగ్గినా పర్లేదు." ఇది నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండించే మాట. ఆ మార్జిను మనకి తెలియనివాటి కోసం పెట్టింది. ఇసుకలో మట్టి కోసం, ఎక్కువ పోసిన నీళ్ళ కోసం, ఓ రోజు సరిగ్గా తడపని పిల్లరు కోసం. అదంతా ముందే తినేస్తూ, పైన అతుకు దగ్గర కూడా తెలిసి తెలిసి తినేస్తే ఇంక మిగిలేదేమిటి?

"ఇంజనీరుని పెట్టుకునే స్థోమత అందరికీ ఉంటుందా?" దీనికి మాత్రం వెటకారం చెయ్యలేను. అరవై గజాల్లో ఇల్లు కట్టుకునే మనిషికి ప్రతి వెయ్యీ లెక్కే. 2020లో వచ్చిన బీపాస్ చట్టం 75 గజాల లోపు, ఏడు మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకోండి అంది. లంచాల బాధ తగ్గించడానికి మంచి పనే. కానీ ఆ ఇంట్లో రింగు కొస ఎటు వంగిందో చూసే కన్ను ఎక్కడినుంచి వస్తుంది? కాగితం పని తగ్గించినంత సులువుగా కంటి పని తగ్గించలేం. చిన్న ఇళ్ళకి బొమ్మలతో ఒకే ఒక్క కాగితం, ల్యాపు ఇంత, రింగు ఇలా అని, ఆ రూపాయి రసీదుతో పాటు తెలుగులో చేతిలో పెడితే ఎంత ఖర్చు?

మా ఇంటి సంగతి పూర్తి చేస్తాను. ఆపమన్నాను పని. మేస్త్రికి కోపం, బావకి కోపం, ముహూర్తం దాటిపోతుందని అమ్మకి బాధ. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచాం. ఆయన డాబా మీదికి రాగానే అసలు సమస్య ల్యాపు పొడవు కాదన్నాడు. 1986లో వదిలిన సలాకలు పద్నాలుగు అంగుళాలే బయటికున్నాయి, తుప్పుకి చిక్కిపోయి ఉన్నాయి. ఇరవై ఏడు అంగుళాల ల్యాపు ఇద్దామన్నా ఎక్కడ ఇస్తాం? "వెల్డింగు కొట్టేస్తం సార్, ఒక్క దినం పని" అన్నాడు మేస్త్రి. ఇంజనీరు వేలితో ఆ పాత సలాకని తుడిచి మెలికలు చూపించాడు. టీఎంటీ రాకముందు వాడిన టార్ స్టీలు అది. చల్లగా ఉండగా మెలితిప్పడం వల్ల బలం వచ్చిన సలాక. దాన్ని కాలిస్తే ఆ మెలిక బలం పోతుంది. అంటే అతుకు వేస్తున్నామనుకుంటూ సరిగ్గా అతుకు దగ్గరే సలాకని బలహీనం చేస్తాం. నాన్న పక్కనే ఉన్నాడు. "గదే నేనన్నది" అన్నట్టు నా వైపు చూశాడు కానీ ఏమీ అనలేదు.

చివరికి చేసిందేమిటంటే, ముందు కింది పిల్లర్లూ పునాదీ ఇంకో అంతస్తు మోయగలవో లేదో లెక్క చూశాడు (ఇది నా నలభై మూడో వరుస అవ్వాల్సింది, అదీ లేదు). తర్వాత పిల్లరు తలల దగ్గర పాడైన కాంక్రీటు కొట్టించి, పాత సలాకలు బ్రష్షుతో రుద్దించి, వాటి పక్కన రంధ్రాలు తొలిపించి, కెమికల్ యాంకరు మందుతో కొత్త సలాకలు దింపించాడు. రంధ్రంలో దుమ్ము ఉంటే ఆ మందు గోడకి కాకుండా దుమ్ముకి అంటుకుంటుంది. అందుకని ఊదడం, బ్రష్షు, మళ్ళీ ఊదడం. ఆ పని దగ్గర నాన్న రెండు రోజులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఊదకుండా ఒక్క రంధ్రం దాటనివ్వలేదు. ఇంజనీరు ఫీజుతో కలిపి ముప్ఫై ఒక్క వేలు అయింది. పద్నాలుగు లక్షల్లో రెండు శాతం పైన కొంచెం. మెట్ల రెయిలింగు స్టెయిన్‌లెస్ స్టీలు నుంచి మామూలు ఇనుముకి మార్చాం, సరిపోయింది.

అతుకు అంటే పిల్లర్లే కాదు లెండి. మేం మల్కాజిగిరిలో అద్దెకున్నప్పుడు బాత్రూములో ఇరవై అయిదు లీటర్ల గీజరు ఒక రాత్రి ఊడి పడింది. నీళ్ళే ఇరవై అయిదు కిలోలు, డబ్బా బరువు వేరే. గోడకి బిగించిన ప్లాస్టిక్ గుల్లలు తీసి చూస్తే ఇటుక దాకా పోనే లేదు, ప్లాస్టరింగులోనే ఆగిపోయాయి. పది రూపాయల గుల్ల, రెండంగుళాల లోతు. అరగంట ముందు మా చిన్నాడు ఆ కిందే స్నానం చేశాడు. ఈ టపా రాస్తుంటే ఇప్పటికీ వేళ్ళు కాస్త తడబడుతున్నాయి.

అందుకని నా విన్నపం, కాదు, డిమాండు అనే అంటాను. ఇల్లు కడుతున్న ప్రతివాళ్ళూ ఎస్టిమేటులో అతుకులు అని ఒక పద్దు విడిగా రాయించండి. ల్యాపుల ఇనుము, రింగుల కొసలు, బైండింగ్ వైరు (టన్నుకి ఎనిమిది పది కిలోలు పడుతుంది), కవరు బిళ్ళలు, గోడ యాంకర్లు, ఇవన్నీ పట్టి చూసే మనిషి కూలి. మేస్త్రికి ఆ పద్దు కింద డబ్బు విడిగా ఇవ్వండి. ఇచ్చినప్పుడే అడిగే హక్కు. కాంక్రీటు పోసే ముందు రోజు టేపు పట్టుకుని డాబా ఎక్కండి. ఫోనుతో ప్రతి అతుకూ ఫొటో తీసుకోండి. ఒకసారి మునిగాక చూడ్డానికి ఎవరి తరమూ కాదు.

మా మేస్త్రి కూడా మారాడండోయ్. రింగుల పనికి విడిగా కూలి ఇస్తానన్నాక 135 వంచడానికి ఆయనకేం అభ్యంతరం కనబడలేదు. పైగా వంచడానికి ఒక చెక్కకి మేకులు కొట్టి అచ్చు తయారుచేసుకున్నాడు. మొన్న మెట్టుగూడలో ఇంకో ఇంటి పని మీద ఉన్నాడని విని వెళ్ళాను. అక్కడ రింగులు ఎలా వేశాడో చూద్దామని.

90 డిగ్రీలే. "ఆ సార్ అడగలే" అన్నాడు.